సోమవారాల సిగ్నల్

లిఫ్టు పక్కనున్న నోటీసు బోర్డు మీద ఒక బుధవారం నా తీగ గురించి కాగితం అంటించారు. ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. టెర్రస్ మీద అనుమతి లేకుండా కట్టిన తీగను వెంటనే తీసేయాలి, తీయకపోతే అసోసియేషనే తీయిస్తుంది. మా ఫ్లాటు నంబరు ఎర్ర ఇంకుతో రాశారు. తీగ అన్న మాటకు ముందు అసహ్యమైన అని ఒక విశేషణం కూడా తగిలించారు. కూరగాయల సంచీ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. పదేళ్ళుగా ఆ తీగ అక్కడే ఉంది. ఇంతకాలం ఎవరికీ అసహ్యం వేయలేదు, ఎందుకంటే ఎవరూ తలెత్తి చూడలేదు.

అది ఇరవై మీటర్ల రాగి తీగ, అంతే. టెర్రస్‌కు ఈ చివర ఒక ఇనప గొట్టం, ఆ చివర ఒక ఇనప గొట్టం, మధ్యలో లాగి కట్టిన ఒక్క తీగ. దాన్నుంచి ఒక కేబుల్ కిందికి దిగి, మూడో అంతస్తులో మా వంటగది కిటికీ గుండా నా రేడియో సెట్టులోకి వస్తుంది. ఆ తీగ మాట్లాడదు, వింటుంది. దాన్నుంచి ఏ కిరణాలూ బయటికి రావు. ఈ మాట ఈ భవనంలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. రెండో అంతస్తులో ఒకావిడ తన తలనొప్పి నా తీగ వల్లేనంది. ఆవిడ తలనొప్పికి కారణం రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంటుంది, కానీ అది చెప్పడం నా పని కాదు.

నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్యాక్టరీలో రేడియో సెట్లు పరీక్షించే బల్ల దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. మాది పాత బెంగళూరు పేటలో మగ్గాల సందు. మా ముత్తాతలు మగ్గాలతో పాటు తెలుగునీ మోసుకొచ్చి అక్కడ దించారు. పేటలో చుట్టూ అంతస్తులు లేచి మా పెంకుటింటికి ఆకాశం లేకుండా పోయాక, ఇల్లు వదిలి, మా అమ్మను తీసుకుని ఊరి తూర్పు చివరనున్న బ్రూక్‌ఫీల్డ్ వచ్చేశాను. ఫ్లాటు చూడ్డానికి వచ్చిన రోజు అందరూ వంటగది, బాత్రూము చూస్తారు. నేను మాత్రం నేరుగా టెర్రస్ ఎక్కి చుట్టూ చూసి, సరే అన్నాను. నేను పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో అమ్మా నేనూ, ఇద్దరమే.

నేను చేసే పని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చాలా ఎత్తున, విమానాలు తిరిగే చోటికి ఎంతో పైన, ఎండ తగిలి చెదిరిన గాలి పొర ఒకటి ఉంది. దాన్ని అయనోస్ఫియర్ అంటారు. మా అమ్మ అటక అంటుంది. షార్ట్‌వేవ్ రేడియో తరంగాలు ఆ అటకకు తగిలి కిందికి వంగుతాయి, నేలకు తగిలి మళ్ళీ పైకి లేస్తాయి, అలా ఎగిరి ఎగిరి వేల కిలోమీటర్లు వస్తాయి. పొద్దెక్కేకొద్దీ ఆ పొర కింద ఇంకో పొర చిక్కబడుతుంది. అది తరంగాన్ని వంచదు, మింగుతుంది. అందుకే తెల్లవారుజామున గట్టిగా వినబడిన స్టేషన్ పొద్దెక్కాక నీరసిస్తుంది. ఎంత నీరసించిందో కొలిస్తే పైన అటక ఎలా ఉందో తెలుస్తుంది.

నేను కొలిచే స్టేషన్ వాయవ్యంగా, సముద్రాలూ కొండలూ దాటి, ఎక్కడో చలిదేశంలో ఉంది. అది పాటలు పాడదు, వార్తలు చెప్పదు, క్షణానికొక టిక్కు మాత్రం పంపుతూ ఉంటుంది. రోజూ ఉదయం ఎనిమిదింటికి సెట్టు ముందు కూర్చుని నూట ఇరవై టిక్కులు వింటాను. సెట్టు మీద ముల్లు ఎంత ఎత్తుకు లేచింది, ఎంత కిందికి పడింది, ఎక్కువసేపు ఎక్కడ ఊగింది, ఈ మూడు అంకెలూ నోటుబుక్కులో రాస్తాను. జ్వరంలోనూ రాశాను. చుట్టాల పెళ్ళిళ్ళకు ఎనిమిది దాటాకే బయలుదేరి, తాళి కట్టేశాక చేరి, మాటలు పడ్డాను.

సూర్యుడి మీద మచ్చలు దాదాపు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతాయి, వాటితో పాటు పైనున్న అటకా మారుతుంది. ఆ పెరగడం తగ్గడం ఒక పూర్తి చుట్టు, ఒకే తీగతో, ఒకే సెట్టుతో, ఒకే మనిషి కొలవాలని నా పంతం. పదేళ్ళు నిండాయి. ఇంకొక్క ఏడాది మిగిలింది. నోటీసు అంటించింది సరిగ్గా అప్పుడు.

సెక్రటరీ మా పై అంతస్తులో ఉంటాడు. గుంటూరు వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. చెడ్డవాడని అనను. నీళ్ళ ట్యాంకర్లు రాక ఊరంతా గగ్గోలు పెట్టిన ఎండాకాలంలో పదిమందికి ఫోన్లు చేసి మాకు నీళ్ళు తెప్పించింది ఆయనే. ఆ సాయంత్రం నేను తలుపు తట్టేసరికి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే బయటికొచ్చాడు.

"తీగ పదేళ్ళుగా ఉండాదప్పా. ఇప్పుడేమొచ్చె?" అన్నాను.

"ఉండాది," అని నా మాటను తన నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "భలే ఉంటుంది మేడమ్ మీ తెలుగు. మావైపు ఇలాంటివి కామెడీకి పెడతారు." తర్వాత మర్యాదగానే చెప్పాడు. "టెర్రస్ కామన్ ఏరియా కదండీ. సోలార్ ప్యానెల్స్ వస్తున్నాయి, యోగా మ్యాట్స్ వేస్తామంటున్నారు. అయినా ఈ డేటా అంతా శాటిలైట్స్ ఇస్తాయి కదా, మీరెందుకు కష్టపడటం?"

"శాటిలైట్లు ఇచ్చేది వాటి లెక్క. నేను రాసేది నా లెక్క."

"సండే జనరల్ బాడీ మీటింగ్ ఉంది. మీకు పది నిమిషాలు ఇస్తాను. దీనివల్ల ఫలానా యూజ్ అని ఎవరైనా ఎక్స్‌పర్ట్ దగ్గర లెటర్ తీసుకురండి. లేకపోతే మండే ఎనిమిదింటికి మెయింటెనెన్స్ వాళ్ళు వచ్చి కట్ చేస్తారు. నేను చేయగలిగింది ఇంతే మేడమ్."

పోనీ, దారి ఒకటి చూపించాడు. నాకు తెలిసిన ఎక్స్‌పర్టు ఒకామె ఉంది. ఈ ఊళ్ళోనే ఒక పరిశోధన సంస్థలో ఈ అటక మీదే పనిచేస్తుంది, తెలంగాణ మనిషి. రేడియో సరదా ఉన్నవాళ్ళం నాలుగైదుసార్లు కలిసినప్పుడు పరిచయమై, నన్ను అక్కా అంటుంది. నా నోటుబుక్కులు ఎప్పటినుంచో అడుగుతోంది. పేజీలన్నీ ఫోటోలు తీసి, అంకెలు కంప్యూటర్లో ఎక్కించిన ఫైలుతో సహా ఆ రాత్రే పంపేశాను. పంపాక ఎంత గర్వపడ్డానంటే, అమ్మకు ఇష్టమని సేమ్యా పాయసం కాచాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఫోన్ వచ్చింది. గొంతులో ఏదో నసుగుడు.

"అక్కా, ఏమనుకోకుండ్రి. మీ సిగ్నల్ ప్రతి మండే స్ట్రాంగ్ ఉంటున్నది. పదేండ్ల డేటా చూసిన. సండే లేదు, ట్యూస్‌డే లేదు, ఒక్క మండేనే. వేసవిల ఇంకా ఎక్కువ. ఆ స్టేషనోళ్ళు మండే పవర్ పెంచుతరేమో అని మెయిల్ పెట్టి అడిగిన. పెంచరంట. సూర్యునికి వారాలు తెలుస్తయా అక్కా?"

"ప్రతి సోమవారమా?" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. ఎందుకో ఆమెకు తెలియదు, నాకు తెలుసు.

సోమవారం పొద్దున రాహుకాలం.

మా అమ్మ రాహుకాలంలో ఏ పనీ మొదలుపెట్టనివ్వదు. ఏడున్నర నుంచి తొమ్మిది అని క్యాలెండర్లో అచ్చువేసే ముతక లెక్క ఆమెకు పనికిరాదు. పంచాంగంలో ఆ రోజు సూర్యోదయం, సూర్యాస్తమయం చూసి, పగటిని ఎనిమిది భాగాలు చేసి, నిమిషంతో సహా తేలుస్తుంది. సోమవారం రాహువుది రెండో భాగం. ఎనిమిది గంటలు అందులో పడుతుంది, లేదా దాని గడప మీద ఉంటుంది. మిగతా రోజుల్లో ఎనిమిదికి ఏ ఆటంకమూ లేదు. అందుకని సోమవారాలు మాత్రం, రాహుకాలం మొదలవడానికి పది నిమిషాల ముందే కొలతకు కూర్చోవాలని మొదటి వారమే మా ఇద్దరికీ ఒప్పందమైంది. సెట్టు ముందే ఆన్ చేసిపెట్టి ఎనిమిదింటికి చూడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. పెన్ను కాగితం మీద పెట్టడమే మొదలంది అమ్మ. నాకు నమ్మకం ఉందా అంటే చెప్పలేను. ఇంట్లో ఉన్న ఇద్దరిలో ఒకరు వారానికోసారి అలిగితే కాపురం నడవదని మాత్రం తెలుసు.

అదొక్కటే అయితే తప్పేమీ కాదు. నోటుబుక్కు మొదటి పేజీలో "సమయం: ఉదయం 8" అని పైన ఒక్కసారి రాసి ఊరుకున్నాను. రోజూ రాయడం దండగ అనుకున్నాను. సోమవారం ఏడుంపావు దాటాక కొలిచిన అంకె కూడా ఆ ఎనిమిది కిందే పడింది. ముందు కొలిస్తే సిగ్నల్ గట్టిగా ఉండదా మరి. ఇరవై ఎనిమిదేళ్ళు పరీక్ష బల్ల దగ్గర కూర్చుని, కొత్తగా చేరిన అమ్మాయిలకు టైము రాయకుండా రీడింగు రాయొద్దని పాఠం చెప్పిన దాన్ని నేను.

ఫోన్ పెట్టేసి నేరుగా అమ్మ మీద పడ్డాను. ఆమె నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎనభై దాటిన మనిషి. నీ రాహుకాలం నా పదేళ్ళను మింగేసిందని, అది గ్రహణానికి సూర్యుణ్ణి మింగుతుందో లేదో గానీ నా లెక్కను మాత్రం మింగిందని, ఇంకా చాలా అన్నాను. ఆమె అన్నీ విని, చేతిలో ఉన్న కాయ ఈనె పూర్తిగా లాగి, అప్పుడు తలెత్తింది.

"నేను రాహుకాలంలో మొదలు పెట్టొద్దంటిని. గంట రాసుకోవద్దంటినా?"

గోడకు ఆనుకుని ఆమె పక్కనే కూర్చుండిపోయాను. పదేళ్ళు పోయినట్టేననిపించి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎవరో నన్ను మోసం చేసి ఉంటే బాగుండేది, తిట్టడానికి ఒక మనిషి దొరికేది.

"సుమ్నే ఊరికే ఏడ్చొద్దు," అంది అమ్మ. "గంటే కదా నీకు కావాల్సింది? డబ్బాలు దించు."

"ఏ డబ్బాలు?"

"బియ్యం డబ్బాలు, పప్పు డబ్బాలు, అన్నీ. వాటి కింద పరిచిన కాయితాలు చూడు. సోమవారం సోమవారం నీకు టైము చెప్పేదానికి నేను లెక్క వేసి రాసేది యాడ? క్యాలెండర్ మీదే కదా."

నెల అయిపోయిన క్యాలెండర్ కాగితాన్ని మా అమ్మ పారేయదు. దళసరి కాగితం కదా, వంటింటి అరల్లో డబ్బాల కింద పరుస్తుంది. పాతది మాసిపోతే దాని మీదే కొత్తది. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి వంటిల్లంతా నేల మీదికి దించాం. బెల్లం డబ్బా కింద మూడేళ్ళు దొరికాయి. చింతపండు కింద ఉన్నవి అంటుకుపోతే తడిగుడ్డ వేసి ఊడదీశాం. పెన్సిల్‌తో సోమవారాల గళ్ళలో మాత్రం సన్నని అంకెలు: 7-31, 7-33, 7-40, చలికాలంలోకి వస్తే 8-04. అమ్మ చదివింది నాలుగో తరగతి. ఆ అంకెలు ఒక్కటీ వంకరపోలేదు. కొన్ని నెలలు లేవు. వాటిలో కొన్నిటిని చెదలు తినేశాయి, ఒక దానిలో అమ్మ పక్కింటివాళ్ళకు అప్పడాలు చుట్టి ఇచ్చింది. దొరికినవి దొరికినట్టు, లేనివి లేనట్టు రాసి, ఒక్కో సోమవారానికీ పది నిమిషాలు తగ్గించి, శనివారం పొద్దున శాస్త్రవేత్తకు పంపాను. రాహుకాలం సంగతి కూడా దాచకుండా చెప్పేశాను. నిండా మునిగాక చలేమిటి.

ఆమె నవ్వుతుందనుకున్నాను. సాయంత్రం ఫోన్ చేసింది, నవ్వలేదు.

"అక్కా, మీరు తప్పు అంటున్నది ఏది? మిగిలిన ఆరు రోజులు మీరు గడియారం ప్రకారం కొలిచిండ్రు. చలికాలం ఎనిమిదింటికి పొద్దు పొడిచి గంటంపావే అయితది. వేసవిల రెండు గంటలు దాటుతది. అంటే సీజన్ మారితే మీ కొలత కూడా జరుగుతనే ఉంటది. అది నేను లెక్క వేసి సరిచేసుకోవాలె. మండే మాత్రం మీరు పొద్దుతోటి నడిచిండ్రు. ఏ సీజన్లయినా పగటిల అదే భాగం. అయనోస్ఫియర్‌కు గడియారం తెల్వదక్కా, పొద్దే తెలుసు. మీ దగ్గర ఉన్న మంచి సిరీస్ మండేనే."

నేను ఫోన్ స్పీకర్లో పెట్టి, ఆమెతో ఆ మాట మళ్ళీ చెప్పించాను. అమ్మ వినాలని. అమ్మ విని, డబ్బాలు ఎప్పుడు ఎక్కిస్తావని అడిగింది.

లెటర్ రాసిచ్చింది. ఈ కొలతలు పనికొస్తాయని, ఒకే తీగ మీద ఇంకొక ఏడాది సాగితే ఒక పూర్తి చుట్టు అవుతుందని, తీగ కదిపితే పాత అంకెలకూ కొత్త అంకెలకూ పొత్తు కుదరడం కష్టమవుతుందని. సోమవారం రాహుకాలం పొరపాటు సంగతి కూడా అందులోనే ఒక వాక్యం పెట్టమన్నాను. పెట్టకపోతే ఎవరికీ తెలిసేది కాదు, నాకు తెలుసు కదా.

ఆదివారం మీటింగు ఐదింటికి. పంచాంగం ప్రకారం ఐదు దాటిన మూడు నిమిషాలకు రాహుకాలం. "ముందే మొదలైన పనికి రాహుకాలం అడ్డం రాదు. మూడు నిముషాల్లో ఒక మాటైనా మాట్లాడేయి," అని అమ్మ పంపింది. ఐదింటికి సెల్లార్లో కుర్చీలు ఉన్నాయి, మనుషులు లేరు. కుర్చీలు సర్దుతున్న వాచ్‌మన్‌తో "నేను తీగ గురించి మాట్లాడతా ఉండాను" అని చెప్పి మొదలుపెట్టేశాను. అతను తలూపాడు. మీటింగు ఐదున్నరకు మొదలైంది.

లెటర్ చదివాను. అటక గురించి చెప్పాను. కొందరు శ్రద్ధగానే విన్నారు. సెక్రటరీ లెటర్ చేతిలోకి తీసుకుని, కళ్ళతో పైనుంచి కిందికి వచ్చి, ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగాడు.

"రాహుకాలం?" అన్నాడు. "మేడమ్, అంటే మీ సైన్స్ రాహుకాలం చూసుకుని నడుస్తుందా?"

సెల్లారంతా నవ్వింది. తలనొప్పి ఆవిడ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆవిడ పోయిన నెలే, కొత్త కారుకు ముహూర్తం అడగడానికి మా అమ్మ దగ్గరికి వచ్చి గంట కూర్చుని వెళ్ళింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, అలా మండింది నాకు.

"నవ్వండి," అన్నాను. "మా అమ్మ పదేళ్ళుగా సోమవారం సోమవారం పొద్దు చూసి నిముషం లెక్క వేసింది. తప్పు నాది, గంట రాసుకోలే. దాన్ని దాచలే, మీ ముందరే చదివినాను. ఇక్కడ ఉండే మీలో ఎవరన్నా ఒక పని పదేళ్ళు దినమూ చేసినోళ్ళు ఉంటే చెయ్యెత్తండి. వాళ్ళు తీసేమంటే తీసేస్తాను."

ఎవరూ చెయ్యెత్తలేదు. కానీ సెక్రటరీ ఓటు అడిగితే చాలా చేతులు లేచాయి, నా తీగకు వ్యతిరేకంగా. ఆయన రూల్స్ ఫైలు తెరిచి, అందరికీ వినబడేట్టు చదివాడు. టెర్రస్ మీద ఏ ఫ్లాటువాళ్ళూ తీగలు కట్టరాదు, ఫ్లాటుకు ఒక బట్టల తీగ తప్ప. ఓడిపోయి మెట్లెక్కాను. లిఫ్టులో వాళ్ళతో నిలబడాలనిపించలేదు.

జరిగింది అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె అన్నం పెడుతూ ఒక్కటే అడిగింది, ఆ చివరి రూలు మళ్ళీ చెప్పమని. చెప్పాను.

సోమవారం పొద్దున రాహుకాలం 7-30కి. ఏడూ ఇరవైకి సెట్టు ముందు కూర్చున్నాను. నూట ఇరవై టిక్కులు. ముల్లు బాగా లేచింది. ఈసారి గంట కూడా రాశాను, నిమిషంతో సహా. ఇదే ఆఖరు అనుకుంటూ రాశాను. నోటుబుక్కు మూసి, స్నానం చేసి బయటికొచ్చేసరికి ఎనిమిదింపావు దాటింది, ఇంట్లో అమ్మ లేదు. తడి బట్టల బకెట్టూ లేదు. మోకాళ్ళ నొప్పులకు ఆమె టెర్రస్ ముఖం చూసి రెండేళ్ళయింది.

పైకి పరుగెత్తాను. మెయింటెనెన్స్ వాళ్ళిద్దరూ కటింగ్ ప్లయర్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు, కానీ కోయడం లేదు. తీగ కిందికి వచ్చింది. రెండు గొట్టాలకూ తల ఎత్తున మళ్ళీ కట్టారు, పాత ముడుల్లాగే, బిగుతుగా. దాని మీద మా అమ్మ తొమ్మిది గజాల నూలు కోక, ఈ చివర నుంచి దాదాపు సగం దాకా, నీళ్ళు కారుస్తూ ఉంది. ఆ కోక కింద ప్లాస్టిక్ స్టూలు మీద అమ్మ కూర్చుని ఉంది.

"అజ్జి అడిగిరి మేడమ్, స్వల్ప కిందికి దించు, కోక ఆరేయాల అని. ముసలామె కదా," అన్నాడు వాళ్ళలో పెద్దతను, నన్ను చూసి ఇబ్బందిగా. కోయడానికి వచ్చినవాళ్ళ చేతే కట్టించింది.

అంతలో సెక్రటరీ వచ్చాడు, చెవిలో ఇయర్‌ఫోన్‌తోనే. తీగను చూశాడు, కోకను చూశాడు, నన్ను చూశాడు. నేను అమ్మ వైపు చూశాను.

"ఇదేంటి అమ్మమ్మగారూ?"

"బట్టల తీగప్పా. ఇంటికి ఒకటి అని నీ రూలే చెప్తా ఉండాది. మాకు వేరే తీగ లేదు."

ఆయన ఒకసారి ఫోన్‌లో టైము చూశాడు. ఆయన్లో చమత్కారం లేకపోలేదు. "మరి ఇప్పుడు రాహుకాలం కదండీ. ఈ టైములో మీరు కొత్త పని మొదలుపెట్టరు కదా?"

అమ్మ కోక అంచు ముడతలు లాగి సరిచేసింది. తొందరేమీ లేదు ఆమెకు.

"కొత్త పని ఎందుకవుతుందప్పా," అంది. "పదేళ్ళుగా ఉండాది."

ఈసారి ఆ మాటను ఆయన నోట్లో తిప్పుకోలేదు. వాళ్ళిద్దరినీ నీళ్ళ ట్యాంకు చూడమని పంపి, కిందికి వెళ్ళిపోయాడు.

తీగ కిందికి దిగడంతో సిగ్నల్ కొంచెం తగ్గింది, ఎంత తగ్గిందో తేల్చడానికి శాస్త్రవేత్తకు కొన్ని వారాలు పట్టింది. తడి కోక ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. నోటుబుక్కులో ఇప్పుడు రెండు వరుసలు కొత్తగా గీశాను. ఒకటి గంట. రెండోది కోక: ఉండాది, లేదు. సోమవారం మాత్రం అమ్మ రాహుకాలానికి ముందే ఆరేయిస్తుంది, అది ఎప్పుడూ ఉండాది.